బేతారీఖ్ ఖతూత్

కితాబు చేరిన మర్నాడు పొద్దున్నే ఆపా ఫోన్ చేసింది. సలామ్ లేదు, ఖైరియత్ లేదు.

"ఆ ఖత్ ఏది రే?"

ఏ ఖత్ అని అడగాల్సిన పని లేదు నాకు. అయినా అడిగాను.

"ఏ ఖతో నీకు మాలూమ్. ఆఖరి పేజీ తీసి చూడు."

కంప్యూటర్‌లో తీసి చూశాను. పేజీ పైన నడిమధ్యలో పెద్ద నస్తాలీఖ్ అక్షరాల్లో 'బేతారీఖ్ ఖతూత్' అని హెడ్డింగు. కింద ఒక్క అక్షరం లేదు. సాఫ్ తెల్ల కాగితం. ఏడు ఖత్‌లు ఉండాల్సిన చోటు అది.

"తెలుగు కితాబులో ఉన్నయి ఆపా. కంప్యూటర్‌ల ఏదో గల్తీ అయింది..."

"అచ్ఛా. నీ పిల్లల కితాబులో ఉన్నయి, నా కితాబులో లేవు." కాసేపు ఏమీ అనలేదు. "ముందు నీకు, మిగిలితే నాకు. కొత్తేం గాదు గదా."

ఫోన్ పెట్టేసింది.

ఆ గల్తీ ఏమిటో చెప్పడానికే ఇది రాస్తున్నా. సగం కంప్యూటర్ సంగతి. నాకు చేతనైనంత సాదాగా చెప్తా, కొంచెం సబ్ర్ చేయండి. మిగతా సగం మా ఇంటి సంగతి. రెండూ ఎక్కడ విడిపోతాయో నాకే సరిగ్గా తెలియలేదు.

*

మా అబ్బా కాతిబ్. మేం బోధన్‌లో, అబ్బా హైదరాబాద్‌లో. పగలు ఛత్తా బజార్‌లో షాదీ రుఖ్‌ఆలు రాసేవాడు, రాత్రి ఒక ఉర్దూ అఖ్బార్‌లో కితాబత్. అప్పట్లో ఉర్దూ అఖ్బార్ అంటే మొత్తం చేతిరాతే. చెన్నైలో 1927లో మొదలైన 'ముసల్మాన్' పత్రిక గురించి అందరూ వింతగా చెప్పుకుంటారు గానీ, ఒకప్పుడు మన హైదరాబాద్ అఖ్బార్‌లు కూడా అట్లాగే కాతిబ్‌ల చేతుల మీదుగా పుట్టినవే.

సెలవుల్లో అబ్బా నన్ను వెంట తీసుకుపోయేవాడు. దఫ్తర్‌లో ఒక మూల కూర్చుని చూసేవాణ్ని. తర్జుమా చేసేవాళ్లు వార్త రాసిస్తే, కాతిబ్‌లు కాలమ్ వెడల్పుకి కత్తిరించిన కాగితాల మీద కలంతో రాసేవాళ్లు. నస్తాలీఖ్‌లో అక్షరాన్ని నుఖ్తాతో కొలుస్తారు. కలం మొన ఎంత వెడల్పు ఉంటే నుఖ్తా అంత. అలిఫ్ ఇన్ని నుఖ్తాల పొడుగు, బే ఇన్ని నుఖ్తాల వెడల్పు అని లెక్క. అబ్బా ఆ లెక్క తప్పడం నేను చూడలేదు.

రాసిన పుర్జాలన్నీ ఒక మేజా మీద పరిచి ఉండేవి. గాలికి ఎగరకుండా మీద ఒక రాయి. ఏది మొదటి పేజీకి పోతుందో, ఏది లోపలికి పోతుందో అప్పటికి ఎవరికీ తెలియదు. తొమ్మిదింటికి వచ్చిన వార్త పన్నెండింటికి చిన్నదైపోవచ్చు. అర్ధరాత్రి దాటాక ఎడిటర్ సాబ్ వచ్చి ఇది ఇక్కడ, అది అక్కడ అంటే, లేయీ రాసి పుర్జాలను పెద్ద షీటు మీద అతికించేవాళ్లు. దాన్ని 'కాపీ జోడ్‌నా' అనేవాళ్లు. ఆ పని అయిపోయాక మేజా ఖాళీ. రాయి ఒక్కటే మిగిలేది. నాకు ఆ రాయిని చూస్తే ఎందుకో భయం వేసేది.

ఇంకో సంగతి. మొదటి పేజీ వార్త పట్టకపోతే మిగతాది లోపలి పేజీలో 'బఖియా' కింద వేసేవాళ్లు. దానికి హెడ్డింగు మళ్లీ కావాలి. అప్పుడు అబ్బా మళ్లీ కలం పట్టుకుని అదే హెడ్డింగు రెండోసారి రాసేవాడు. మొదట రాసింది పీకి ఇక్కడ అతికిస్తే అక్కడ ఖాళీ అవుతుంది గదా. ఇదీ ఒక చెప్పాల్సిన సంగతేనా అంటారు మీరు. తెరమీద ఇదే సంగతి అర్థం కావడానికి నాకు ఒక రాత్రి మొత్తం పట్టింది.

*

అమ్మీ పోయిన తర్వాత, చహెల్లుమ్ అయ్యాక, ఆపా సందూక్ తెరిచింది. అబ్బా అంతకు రెండేళ్ల ముందే పోయాడు. సందూక్‌లో అబ్బా రాసిన ఖతూత్, మొత్తం నూట నలభై మూడు. కొన్ని ఇన్‌లాండ్ లెటర్లు, కొన్ని పోస్టు కార్డులు, ఎక్కువ భాగం అఖ్బార్ దఫ్తర్‌లో మిగిలిన కాగితం ముక్కలు. కొన్నింటి వెనక సగం వార్త, సగం ఇంతెఖాల్ ఇత్తిలా. అటు ఎవరిదో మౌత్, ఇటు ఉల్లిగడ్డల ధర.

అమ్మీకి ఖురాన్ నాజ్రా వచ్చు. జేర్ జబర్‌లు లేని ఉర్దూ చదవడం రాదు. అందుకని అబ్బా ఖత్ వస్తే చదివి వినిపించే డ్యూటీ ఆపాది. ఆమెకు ఎనిమిదేళ్లున్నప్పటి నుంచీ ఆ ఇంటికి గొంతు ఆమెదే.

సందూక్ నా చేతికిస్తూ ఆపా అంది: "నువ్వు చదువుకున్నోడివి. నాకొక కితాబు చేసియ్యి. ఉర్దూలనే ఉండాలె. ఏదీ తియ్యొద్దు."

నా పిల్లలకు ఉర్దూ లిపి రాదు. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, బోధన్ సర్కారీ స్కూలు. తర్వాత తెలుగులో పడ్డాను, బీఏ తెలుగు సాహిత్యం. సాబ్ కొడుకు తెలుగు పద్యాలు చదువుతాడంట అని మొహల్లాలో నవ్విన వాళ్లున్నారు. నా పిల్లలు రెండూ కాదు, ఇంగ్లిష్ మీడియం. తెలుగు కూడబలుక్కుంటారు. దాదా రాసింది వాళ్లకు అందాలంటే తెలుగు లిపిలో అసలు మాట, కింద అర్థం ఉండాలి. అంటే కితాబులు రెండు. ఆపాకు ఉర్దూ, పిల్లలకు తెలుగు.

ఒకే సామాను, రెండు ఇళ్లు. దీనికి ఎక్స్ఎంఎల్ సరిపోతుందనుకున్నా. మా పత్రిక వెబ్ డెస్క్‌కి మారాక దానితో పరిచయం. వార్తల ఫీడ్‌లన్నీ అందులోనే వస్తాయి. మా డెస్క్ కుర్రాళ్లను చూసి పైథాన్ కూడా కొంచెం నేర్చుకున్నా. నలభై దాటాక నేర్చుకున్న జబాన్ కదా, నత్తి పోలేదు.

ఎక్స్ఎంఎల్ అంటే ఖాందాన్ షజరా అనుకోండి. పైన ఒకే ఒక్క పెద్ద, అతని కింద పిల్లలు, వాళ్ల కింద పిల్లలు. ప్రతి ఒక్కరికీ తండ్రి ఒక్కడే. షజరాలోని ఒక్కో మనిషిని నోడ్ అంటారు. ట్యాగుల పేర్లు తెలుగులో పెట్టినా ఒప్పుకుంటుంది. నేను <ఖతూత్> అని పెద్ద ట్యాగు, దాని కింద ఒక్కో <ఖత్>, అందులో <ఉర్దూ>, <తెలుగు> అని రెండేసి పెట్టుకున్నా. ఒక్కచోట మాత్రం మొరాయించింది. <పోస్ట్‌కార్డు> అని ట్యాగు రాస్తే 'ఇన్‌వాలిడ్ టోకెన్' అంది. ట్‌కీ కాకీ మధ్య పొల్లు నిలబడడానికి మనం కొట్టే కంటికి కనబడని అక్షరం ఒకటుంటుంది కదా, దానితో తగాదా. <కార్డు> అని మారిస్తే ఊరుకుంది. ఒకే లైన్‌లో ఉర్దూ కుడి నుంచీ తెలుగు ఎడమ నుంచీ నడుస్తుంటే కర్సర్ ఎటు గెంతుతుందో తెలియదు. ఆ తక్లీఫ్ గురించి రాస్తే ఇంకో పోస్టు అవుతుంది.

*

తారీఖు ఉన్న నూట ముప్పై ఆరు ఖత్‌లతో ఏ ఇబ్బందీ రాలేదు. వాటిని వరసగా చదివి, ప్రతి కితాబుకూ కొత్త నోడ్‌లు తయారుచేసి పెట్టేలా రాశాను. మిగిలినవి ఏడు. తారీఖు లేదు, పోస్టు ముద్ర లేదు. పైన 786 అని, కింద దస్తఖత్. అంతే. ఏ సంవత్సరం పక్కన పెట్టాలో తెలియదు. వాటిని వేరే ఫైలులో టైపు చేసి ఉంచా.

ఆ ఫైలును చదవమంటే పైథాన్ కాదంది. ఎందుకంటే అందులో ఏడు <ఖత్>లు పక్కపక్కన ఉన్నాయి, మీద పెద్ద లేడు. పెద్ద లేని ఖాందాన్‌ను ఎక్స్ఎంఎల్ దస్తావేజుగా ఒప్పుకోదు. మొదటి ఖత్ అయిపోగానే మిగతా ఆరింటినీ 'జంక్' అంటుంది. నిజంగా ఆ ఎర్రర్‌లో ఉండే మాటే అది. అబ్బా ఖత్‌లను జంక్ అన్నందుకు నాకు కొంచెం కోపమొచ్చిన మాట వాస్తవం.

ఇట్లాంటి పెద్ద లేని ముక్కల కోసమే డాక్యుమెంట్ ఫ్రాగ్మెంట్ అని ఒకటుంది. ఎక్స్ఎంఎల్ మొదటి ప్రమాణం 1998 ఫిబ్రవరిలో వచ్చింది. అదే ఏడాది అక్టోబర్‌లో, ఈ షజరాలను ప్రోగ్రాములు ఎట్లా కదిలించాలో చెప్పే డామ్ అనే ప్రమాణం వచ్చింది. నేనప్పుడు నిజామాబాద్‌లో డిగ్రీ ఆఖరు సంవత్సరం, ఛందస్సు బట్టీ కొడుతున్నా. ఆ మొదటి డామ్‌లోనే ఫ్రాగ్మెంట్ ఉంది. తేలికపాటి డాక్యుమెంట్ అని దాన్ని పరిచయం చేశారు. మన మాటల్లో హల్కా దస్తావేజు. ఒక చోట నుంచి కొన్ని ముక్కలు కోసి ఇంకోచోట పెట్టేటప్పుడు, మధ్యలో అవి ఉండడానికి ఒక జాగా కావాలి కదా, అందుకు. డామ్‌లో ప్రతి జాతి నోడ్‌కీ ఒక నంబరు ఉంటుంది. మామూలు ట్యాగుకి 1, ఉత్త మాటకి 3, పూర్తి దస్తావేజుకి 9, ఈ ఫ్రాగ్మెంట్‌కి 11.

దానికి తనదంటూ ఒక ట్యాగు ఉండదు. అందులో ఒక ఖత్ ఉండొచ్చు, ఏడు ఉండొచ్చు, ఏ ట్యాగూ లేని ఒక ఉత్త మాట ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. షజరాలోకి దాన్ని చేర్చమంటే అది చేరదు. దాని పిల్లలు వరసగా దిగి లోపలికి పోతారు, అది బయటే నిలబడిపోతుంది. బారాత్ బస్సు లాగ. షాదీఖానా దాకా అందర్నీ తీసుకొస్తుంది, లోపలికి రాదు.

బస్సు అనగానే మీకు అర్థమైపోయి ఉంటుంది. నాకు కాలేదు.

ఫ్రాగ్మెంట్‌లోకి ఎక్కించేటప్పుడే ఒక దెబ్బ తిన్నా. పైథాన్‌తో పాటే వచ్చే మినీడామ్ అనే చిన్న లైబ్రరీ నేను వాడేది. అది ఫ్రాగ్మెంట్‌ను తీసుకుంటుంది గానీ, రాత నుంచి నేరుగా ఫ్రాగ్మెంట్ చేసివ్వదు. అందుకని ఆ ఏడింటి చుట్టూ తాత్కాలికంగా ఒక ట్యాగు చుట్టి, చదివించి, దాని పిల్లల్ని ఒక్కొక్కళ్లనే ఫ్రాగ్మెంట్‌లోకి పంపమన్నా. పంపాక చూస్తే ఎనిమిది వచ్చాయి. ఎనిమిదీ ఖాళీలే! ఖత్‌కీ ఖత్‌కీ మధ్య నేను ఎంటర్ కొట్టిన ఖాళీ లైన్లు కూడా దాని లెక్కలో పిల్లలే. అవన్నీ ఎక్కి కూర్చున్నాయి, ఖత్‌లు ఏడూ కిందే ఉండిపోయాయి. ఎందుకంటే ఒకణ్ని వరసలోంచి పంపగానే వెనకవాడు ఒక అడుగు ముందుకు జరుగుతాడు, లెక్కపెట్టేవాడేమో తర్వాతి నంబరుకు పోతాడు. మధ్యలోవాడు తప్పిపోతాడు. రేషన్ లైన్‌లో జరిగేదే. ముందే అందరి పేర్లూ ఒక చిట్టా రాసుకుని, ఆ చిట్టా చూసి పిలిస్తే అందరూ వచ్చారు. ఏడు ఖత్‌లు, ఎనిమిది ఖాళీలు, మొత్తం 15.

అది దాటినందుకు నన్ను నేనే మెచ్చుకుని, తర్వాతి రెండు లైన్లు రాసేశా. తెలుగు కితాబుకి ఫ్రాగ్మెంట్ చేర్చు. ఉర్దూ కితాబుకి ఫ్రాగ్మెంట్ చేర్చు. హెడ్డింగులు ముందే పెట్టి ఉన్నాయి. ప్రోగ్రాం ఒక్క ఎర్రర్ లేకుండా నడిచింది. తెలుగుది పేజీ పేజీ చూశా, పిల్లలకు అర్థాలు సరిగ్గా పడ్డాయా లేదా అని. ఉర్దూది... అక్షరాలు విరగకుండా వచ్చాయా అని పైపైన తిప్పా. ప్రింటు తీయించి, బైండు చేయించి, ఆర్టీసీ కార్గోలో నిజామాబాద్ పంపించా.

*

ఆపా ఫోన్ పెట్టేసిన రాత్రి కూర్చున్నా. తెలుగు కితాబుకి చేర్చే లైన్‌కి ముందు ఒకటి, తర్వాత ఒకటి, ఫ్రాగ్మెంట్‌లో ఎంతమంది పిల్లలున్నారో చెప్పమని రాశా. ముందు: 15. తర్వాత: 0.

ఆ సున్నా వైపు చాలాసేపు చూశా. లైబ్రరీ కసూర్ లేదు. ఒక నోడ్‌కి తండ్రి ఒక్కడే ఉండాలన్నది మొదటి షరతు. కొత్త తండ్రి దగ్గరికి పోతే పాత తండ్రి దగ్గర ఉండదు. చేర్చడమంటే అక్కడ కదిలించడమే, కాపీ కాదు. తెలుగు కితాబు దగ్గర బారాత్ మొత్తం దిగిపోయింది. ఉర్దూ కితాబు దగ్గరికి ఖాళీ బస్సు వచ్చి ఆగింది. ఖాళీ ఫ్రాగ్మెంట్‌ను చేర్చడం తప్పు కాదు కనుక ప్రోగ్రాం ఏమీ అనలేదు. సున్నా మందిని చేర్చింది, పని అయిందంది. మా డెస్క్ కుర్రాడొకడు బ్రౌజర్‌లో ఇదే ఫ్రాగ్మెంట్ రోజూ వాడతాడు, వందల ముక్కల్ని ఒక్కసారిగా పేజీలోకి దించడానికి. వాడికి చెప్తే నవ్వాడు. "అది మొదటి రోజే అందరికీ తగులుతుంది సార్."

మేజా మీద రాయి గుర్తొచ్చింది నాకు. బఖియా హెడ్డింగు కోసం రెండోసారి కలం పట్టుకున్న అబ్బా గుర్తొచ్చాడు.

దిద్దడం చిన్న పని. క్లోన్‌నోడ్ అని ఒకటుంది, నకలు తీసేది. దాన్ని లోతుగా తీయాలా వద్దా అని అడుగుతుంది. వద్దంటే ఖాళీ ఫ్రాగ్మెంట్ నకలు వస్తుంది, బస్సు నకలు, మనుషుల్లేకుండా. అవునంటే పిల్లలు, వాళ్ల పిల్లలు, అక్షరాలతో సహా మొత్తం వస్తుంది. రెండు కితాబులకూ లోతైన నకలు ఒక్కోటి ఇచ్చి, అసలును కదిలించకుండా ఉంచా. ఐదు నిమిషాలు.

ఐదు నిమిషాల్లో అయ్యాక కూడా నేను లేవలేదు.

ఆ రెండు లైన్ల వరస ఎవరు రాశారు? తెలుగు ముందు, ఉర్దూ తర్వాత. అడిగింది ఆపా. సందూక్ ఇచ్చింది ఆపా. ఉర్దూ లైన్ పైన రాసి ఉంటే నా పిల్లల కితాబు ఖాళీగా వచ్చేది, ప్రింటుకు పోకముందే నాకు కనబడేది, ఎందుకంటే నేను జాగ్రత్తగా చూసింది అదొక్కటే.

ఇంకొకటి ఉంది. ఆ ఏడు ఖత్‌లలో ఆరింటికి నిజంగానే తారీఖు తెలియదు. ఏడోదానికి తెలుసు.

కాగితం మీద తారీఖు రాసి లేదు, నిజమే. కానీ అందులో అఖ్బార్ దఫ్తర్‌కి కంప్యూటర్ వచ్చిందని ఉంది. ఇన్‌పేజ్ నేర్చుకున్న ఇద్దరు పిల్లగాళ్లు ఎనిమిది మంది కాతిబ్‌ల పని చేస్తున్నారని ఉంది. వచ్చే నెల నుంచి తనఖా సగమే అని ఉంది. నా ఇంటర్ రిజల్ట్ వచ్చిందని, ఛోటేని డిగ్రీలో చేర్పించాలని ఉంది. మున్నీ డిగ్రీ మొదటి సంవత్సరం అయింది కదా, అక్కడితో ఆపుదామని, ఇద్దరి ఫీజులూ కట్టే తాఖత్ లేదని ఉంది. మున్నీ అంటే ఆపా. అది 1996 జూన్. ఇంకే నెలా అయ్యే వీల్లేదు.

నేను దాన్ని 1996 జూన్‌లో పెట్టలేదు. అక్కడ పెడితే తర్వాతి ఖత్, జులైది, నా అడ్మిషన్ ముబారక్‌తో మొదలవుతుంది. రెండూ ఒకే పేజీలో ఎదురెదురుగా పడతాయి. కాగితం మీద తారీఖు లేదు కదా అని ఒక సాకు దొరికింది. ప్రస్తుతానికి ఇక్కడ ఉండనీ, తర్వాత చూద్దామని బేతారీఖ్ ఫైలులో వేశా. తీసేయలేదు, అబద్ధం కాదు. ఎటూ చెందని జాగాలో పెట్టా. ఆపా అడిగినప్పుడు కంప్యూటర్ గల్తీ అన్నా. కంప్యూటర్ చేసింది ఆ ఏడింటినీ ఒక కితాబు నుంచి పోగొట్టడం. ఆ ఒక్కదాన్నీ ఏడింట్లో కలిపింది నేను.

ఆ ఖత్ వచ్చిన రోజు నాకు బాగానే గుర్తుంది. అమ్మీ బియ్యం ఏరుతోంది. ఆపా గడపలో కూర్చుని ఎప్పటిలాగే గొంతెత్తి చదువుతోంది. తన పేరు వచ్చిన చోట ఆగలేదు. ఆఖరు దాకా చదివి, మడిచి, చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ మరుసటి నెల నేను నిజామాబాద్ పోయాను.

*

ఖత్‌ను బేతారీఖ్ ఫైలులోంచి తీశా. జూన్‌లో పెట్టా, జులైకి ముందు. తేదీ దగ్గర '1996 జూన్, అందాజగా' అని రాశా. ఫ్రాగ్మెంట్‌లో ఆరు మిగిలాయి. రెండు కితాబులూ మళ్లీ తీశా. ఈసారి ఉర్దూది ముందు, పేజీ పేజీ.

ప్రింటు చూస్తుంటే ఒక సంగతి గుచ్చుకుంది. ఉర్దూ కితాబుకు నేను వాడింది జమీల్ నూరీ నస్తాలీఖ్. దాని మూలం మిర్జా అహ్మద్ జమీల్ చేతిరాత నుంచి తయారైన నూరీ నస్తాలీఖ్. 1981లో లాహోర్‌లో జంగ్ అఖ్బార్ దానితోనే మొదలైంది. తర్వాత మన దగ్గరికి ఇన్‌పేజ్ రూపంలో వచ్చింది, కాతిబ్‌ల కలాలు పక్కన పెట్టించింది. అబ్బా తన నౌకరీ పోతున్న సంగతి రాసుకున్న ఖత్‌ను నేను ఆ అక్షరాల్లోనే అచ్చేశా. వేరే దారి లేదు. అబ్బా అక్షరాలతో ఫాంటు ఎవరూ చేయలేదు.

ఈసారి కార్గోలో పంపలేదు. నేనే పోయి ఇచ్చా. జూన్ పేజీ దగ్గర ఒక కాగితం పెట్టి ఇచ్చా. ఆపా కళ్లద్దాలు పెట్టుకుని నిలబడే చదివింది. ఈసారి లోపల్లోపలే, గొంతెత్తలేదు. కంప్యూటర్‌లో ఏం జరిగిందో, నేనేం చేశానో రెండూ విడివిడిగా చెప్పా. ఫ్రాగ్మెంట్ సంగతి చెప్తుంటే చేయి అడ్డం పెట్టింది.

"అవన్నీ నాకెందుకు. ఇది జూన్‌ల పెట్టలేదు నువ్వు. అంతే గదా?"

"అంతే."

"చాయ్ తాగుతవా?"

చాయ్ తెచ్చాక మళ్లీ కితాబు తీసుకుంది. వేలు ఒక లైన్ మీద ఆగింది.

"ఇదేం రాసినవ్ రే? ఖర్చ్?"

నేను చదివి టైపు చేసిన వాక్యం: మున్నీ కీ తాలీమ్ కా బహుత్ ఖర్చ్ హోగా, ఇస్‌కా హిసాబ్ మేరే జిమ్మే. మున్నీ చదువుకు చాలా ఖర్చవుతుంది, దీని లెక్క నా మీద. తెలుగు కితాబులో అర్థం కూడా అట్లాగే రాశా.

"ఖర్చ్ గాదు," అంది ఆపా. "హర్జ్."

ఉర్దూ చదివేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఖర్చ్‌కీ హర్జ్‌కీ రాతలో తేడా నుఖ్తాలే. ఖర్చ్‌లో పైన ఒకటి, కింద మూడు. హర్జ్‌లో పైన ఏమీ లేదు, కింద ఒకటి. అఖ్బార్‌కి నుఖ్తాతో అక్షరాలు కొలిచిన మనిషి, ఇంటికి రాసే ఖత్‌లలో నుఖ్తాలు ఎక్కడ పడితే అక్కడ విసిరేసేవాడు. సియాహీ పాకి ఉంది. నేను నాకు తోచినట్టు చదువుకున్నా. హర్జ్ అంటే నష్టం, చదువు చెడడం. మున్నీ చదువుకు చాలా నష్టం జరుగుతుంది. దీని లెక్క నా మీద.

"నీకెట్ల తెలుసు?" అన్నా. అడగ్గానే సిగ్గనిపించింది.

"నేనే గదా చదివింది. అమ్మీ బియ్యం ఏరుడు ఆపి అడిగింది, హర్జ్ అంటే ఏంది బేటా అని." అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "నుక్సాన్ అని చెప్పిన."

మళ్లీ ప్రింటు తీయించి పంపుతానన్నా. వద్దంది. టీవీ పక్కన డబ్బాలోంచి పెన్ను తీసుకుని, ఖే మీది నుఖ్తాను కొట్టేసి, చే కింది మూడింటిలో రెండు కొట్టేసింది. అచ్చు అక్షరాల మధ్య ఆ నీలం గీతలు కొంచెం వంకరగా ఉన్నాయి.

బస్సులో తిరిగొచ్చేటప్పుడు ల్యాప్‌టాప్ తీశా. ఒకే ఖత్‌లో రెండు చోట్ల మార్చాలి, <ఉర్దూ>లో ఒక మాట, <తెలుగు>లో ఒక వాక్యం. మార్చా. పిల్లల దగ్గరున్న రెండు తెలుగు ప్రతులు అప్పటికే బైండు అయి ఉన్నాయి. ఇంటికొచ్చాక వాటిని పెన్నుతో దిద్దాను.